ఫోర్‌సైట్ మసకబారిన తరవాత: పిస్తోలుకు రెడ్ డాట్ బిగించి నేర్చుకున్న నా అనుభవం

నాకు నలభై ఆరో ఏడు నడుస్తుండగా ఒక శనివారం ఉదయం, టెక్సస్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న షూటింగ్ రేంజ్‌లో పిస్తోలు ఎత్తి గురి చూస్తే, దాని ముందు కొసన ఉండి ఎప్పుడూ అంచులు కోసినట్టు కనిపించే ఫోర్‌సైట్ అనే గురి ముక్క బూడిదరంగు మరకలా కనిపించింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. వెలుతురు మారిందేమోనని పక్క లేన్‌లోకి వెళ్ళి చూశాను. తేడా లేదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, అందరికీ వచ్చే చత్వారమేనని చెప్పి ప్రోగ్రెసివ్ అద్దాలు రాసిచ్చారు. ఆ అద్దాలతో ఫోర్‌సైట్ స్పష్టంగా కనపడాలంటే చూపు అద్దం కింది భాగంలోంచి పోవాలి, అందుకు గడ్డం పైకెత్తాలి, గడ్డం ఎత్తితే మెడ పట్టేస్తుంది, భుజాలు వెనక్కి వాలతాయి, నిలబడే తీరంతా చెడిపోతుంది.

ఇది నన్ను ఎందుకంతగా కలతపెట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టుకున్నప్పుడు మాకు నేర్పిన హవల్దారు గారు, నేల మీద బోర్లా పడుకున్న మా పక్కన కూర్చుని ఒకే మాట పదేపదే చెప్పేవారు: ఫోర్‌సైట్ కొన స్పష్టంగా ఉండాలి, టార్గెట్ మసకగా ఉన్నా పరవాలేదు. కంటికి దగ్గరగా ఉండే బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్, టార్గెట్ మూడు వేరు వేరు దూరాల్లో ఉంటాయి, కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు, కాబట్టి ఆ స్పష్టతను ఫోర్‌సైట్‌కి ఇవ్వాలి అన్నది ఆ పాఠం. అమెరికా వచ్చి, పౌరసత్వం వచ్చాక 2019లో గ్లాక్ 19 జెన్ 5 ఎంఓఎస్ అనే పిస్తోలు కొనుక్కుని, నెలకోసారి స్థానిక పోటీల్లో పాల్గొంటున్నప్పుడు కూడా ఆ పాఠం మీదే ఆధారపడ్డాను. చేయి చాచినంత దూరంలో ఉన్న వస్తువే కనపడనప్పుడు ఆ పాఠం పాటించే దారి లేదు.

ఇండియాలో చదివేవారి కోసం ఒక మాట. అక్కడ ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా పిస్తోలు ఉంచుకోకూడదు, నా పిస్తోలు వాడే 9 ఎంఎం తూటా అక్కడ సామాన్య పౌరులకు నిషిద్ధమైన కోవలోకి వస్తుంది. ఒలింపిక్ తరహా పిస్తోలు పోటీల్లోనూ రెడ్ డాట్‌కు, అంటే గురి కోసం చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్‌కు, చోటు లేదు. 2022 ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వాటన్నింటినీ మామూలు ఇనుప సైట్లతోనే గెలిచింది, ఎందుకంటే ఆ పోటీల నిబంధనలు పిస్తోలు మీద కటకాలున్న సైట్‌ను ఒప్పుకోవు. నేను పాల్గొనేది యూఎస్‌పీఎస్‌ఏ అనే అమెరికా షూటింగ్ సంఘం తరహా పోటీలు. వాటిలో క్యారీ ఆప్టిక్స్ అనే విభాగమే ఉంది, అందులో స్లైడ్ మీద, అంటే పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జారే భాగం మీద, రెడ్ డాట్ బిగించిన పిస్తోలుతోనే ఆడతారు.

రెడ్ డాట్ వైపు నన్ను నడిపించినవాడు నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడైన ఒక మిత్రుడు. ఒంగోలు దగ్గరివాడు, నేను అన్నా అని పిలుస్తాను. తన పిస్తోలు ఖాళీ చేసి, తూటా కూర్చునే చాంబర్ నాకు చూపించి, నా చేతికిచ్చి, "తమ్ముడూ, ఆ గోడ మీదున్న టార్గెట్ మధ్యకి మాత్రమే చూడు, ఇంక దేన్నీ చూడకు, అలా చూస్తూ ఎత్తు" అన్నాడు. ఎత్తాను. టార్గెట్ మీదున్న అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, వాటి మీద సన్నటి ఎర్రటి చుక్క ఒకటి అంతే స్పష్టంగా తేలుతోంది. ఏడాదిగా నేను చూడనిది అది.

ఆ చుక్క ఎలా వస్తుందో తెలుసుకోకుండా నాకు నిద్ర పట్టలేదు. సైట్ వెనక భాగంలో, కిందగా, ఆవగింజ కంటే చిన్న ఎల్‌ఈడీ ఒకటి ఉంటుంది. దాని కాంతి ముందుకు వెళ్ళి అద్దానికి తగిలి మన కంటివైపు తిరిగివస్తుంది. ఆ అద్దం మీద పూత ఎరుపును మాత్రమే వెనక్కి తిప్పి మిగతా వెలుతురును లోపలికి రానిస్తుంది. అద్దానికున్న వంపు వల్ల తిరిగివచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి, కాబట్టి కంటికి ఆ చుక్క ఎంతో దూరాన ఉన్నట్టు అనిపిస్తుంది. దూరపు చూపు బాగున్న చత్వారం కంటికి ఇంతకంటే ఏం కావాలి? బ్యాక్‌సైట్ లేదు, ఫోర్‌సైట్ లేదు, రెండింటినీ ఒక గీతలోకి తెచ్చే పని లేదు. కన్ను అద్దం మధ్యలో కాక కాస్త పక్కగా ఉన్నా, చుక్క ఎక్కడుంటే దాదాపు అక్కడే తూటా తగులుతుంది.

నేను హోలోసన్ 507సి ఎంచుకున్నాను. బ్యాటరీ పక్కనున్న చిన్న అరలో పడుతుంది, మార్చడానికి సైట్ విప్పనక్కరలేదు, కదిలిస్తే వెలిగి కాసేపు కదలకపోతే ఆరిపోతుంది, చుక్క పరిమాణం 2 ఎంఓఏ. ఎంఓఏ అంటే ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. వంద గజాల దగ్గర అది సుమారు ఒక అంగుళం, ఇరవై ఐదు గజాల దగ్గర పావు అంగుళం. ఈ సైట్‌లో ఎల్‌ఈడీ పైన కప్పు ఉండదు, వాన చినుకో దుమ్ము పోగో దాని మీద పడితే చుక్క పగిలిపోయినట్టు కనిపిస్తుంది. అన్ని వైపులా మూసివున్న రకాలు కూడా ఉన్నాయి. వానలో పనిచేయాల్సిన పోలీసు ఉద్యోగినైతే అదే కొనేవాణ్ణి.

ఇంట్లో బల్ల మీద వెలిగించి చూస్తే చుక్క తోకచుక్కలా ఒక పక్కకి సాగి కనిపించింది. పాడైన వస్తువు అంటగట్టారని అనుకుని తిప్పి పంపబోతుంటే, ఫోన్‌తో ఫోటో తీసి చూడమన్నాడు అన్న. ఫోటోలో చుక్క గుండ్రంగా ఉంది. లోపం నా కంటిది, ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం. ప్రోగ్రెసివ్ అద్దాలు పక్కన పెట్టి, దూరపు చూపుకు మాత్రమే సరిచేసిన గట్టి పాలీకార్బొనేట్ అద్దాలు షూటింగ్ కోసం విడిగా చేయించుకున్నాను, తోక పోయింది. కాంతి తగ్గిస్తే ఇంకా గుండ్రమైంది. కొత్తగా కొన్నవారు చుక్క వంకరగా ఉందని వెనక్కి పంపే ముందు ఈ ఫోటో పరీక్ష తప్పకుండా చేయాలని నా మనవి.

ఇక బిగించడం. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్‌లో వేలుపెట్టి ఖాళీ అని తడిమి చూసుకుని, తూటాల పెట్టె వేరే గదిలో పెట్టి తలుపు వేశాకే బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ మోడల్ స్లైడ్‌కి పైన ముందే గాడి తీసి ఉంటుంది, దాన్ని ఒక మూత కప్పి ఉంచుతుంది. మూత రెండు స్క్రూలు విప్పి, ఆ గాడిలో సైట్‌కు సరిపడే అడాప్టర్ పలక కూర్చోబెట్టి, పలక మీద సైట్ బిగించాలి. పిస్తోలుతో వచ్చిన పలకలు ఉన్నా, ఎవరో చెబితే విని విడిగా ఒక ఉక్కు పలక కొన్నాను. దాని పొట్లంలో రెండు పొడవుల స్క్రూలు ఉన్నాయి. పొడవుగా ఉంటే పట్టు ఎక్కువ ఉంటుందనుకుని, కాగితం చదవకుండా, పొడవైనవి వాడాను.

అంతా బిగించి, స్లైడ్‌ను పిస్తోలు కింది భాగమైన ఫ్రేమ్ మీద ఎక్కించి, లోపల మందు లేని డమ్మీ తూటాలు మ్యాగజైన్‌లో వేసి స్లైడ్ లాగాను. డమ్మీ బయటికి రాలేదు. మళ్ళీ లాగాను, లోపలే ఉండిపోయింది. పిస్తోలులో కాల్చిన తూటా ఖోలును చాంబర్‌లోంచి పట్టి లాగేది ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం, దాని వెనక స్ప్రింగుతో కదిలే సన్నటి కడ్డీ ఒకటి స్లైడ్ లోపల ఒక సొరంగంలో ఉంటుంది. సైట్ గాడిలోని కుడివైపు స్క్రూ రంధ్రం సరిగ్గా ఆ సొరంగం మీదికే దిగుతుంది. నా పొడవాటి స్క్రూ కొన ఆ కడ్డీని నొక్కిపట్టింది. ప్లాస్టిక్ కలం మొనతో ఎక్స్‌ట్రాక్టర్‌ను తోసి చూస్తే రాయిలా కదలకుండా ఉంది. స్క్రూ విప్పి పొట్టిది వేశాక తోస్తే కొక్కెం వెంట్రుకవాసి కదిలి టక్కుమని వెనక్కి వచ్చింది. లేకపోతే ఇదే సంగతి నేను రేంజ్‌లో, ఖోలు ఇరుక్కుపోయి నిలబడ్డప్పుడు తెలుసుకునేవాణ్ణి. డమ్మీ తూటాల పరీక్ష చేయకుండా తుపాకీలో అసలు తూటా పెట్టకూడదన్న నియమం ఆ రోజే పెట్టుకున్నాను.

రెండోసారి తొందరపడలేదు. స్క్రూలకూ రంధ్రాలకూ ఉన్న నూనె పొర దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిచి, దూది తెల్లగా తిరిగి వచ్చేదాకా అదే పని చేశాను. నూనె ఉంటే స్క్రూను పట్టి ఉంచే జిగురు పట్టదు. నీలిరంగు లాక్‌టైట్ ఒక్క చిన్న బొట్టు మర చుట్లకు రాసి, ఎక్కువైనది తుడిచేశాను. అది కారి ఇందాక చెప్పిన సొరంగంలోకి దిగితే ఎక్స్‌ట్రాక్టర్‌ను అంటిపెడుతుంది. బిగించడం కొలత చూపే టార్క్ స్క్రూడ్రైవర్‌తో, సైట్‌తో వచ్చిన కాగితంలో రాసినంత వరకే. ఈ స్క్రూలు అగ్గిపుల్ల మందాన ఉంటాయి, చేతి బలం చూపిస్తే తల తెగి మొండెం లోపల ఉండిపోతుంది. రెండు స్క్రూలనూ ఒకేసారి పూర్తిగా కాక, ఇటు కాస్త అటు కాస్త మార్చి మార్చి బిగించాను. చివరికి స్క్రూ తల మీంచి సైట్ ఒంటి మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీశాను. స్క్రూ వదులైతే గీత తప్పుతుంది, విప్పి చూడకుండానే తెలుస్తుంది. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోకుండా అలమారలో తాళం వేసి ఉంచాను.

తరవాతి ఆదివారం గురి సరిచేయడానికి, అంటే జీరో చేయడానికి, రేంజ్‌కి వెళ్ళాను. పది గజాల దగ్గర నిలబడి అయిదు తూటాలు కాల్చితే వాటి రంధ్రాల గుంపు చుక్కకు రెండంగుళాలు కిందా అంగుళంన్నర ఎడమకూ పడింది. ఈ సైట్‌లో ఒక క్లిక్ అంటే ఒక ఎంఓఏ, పది గజాల దగ్గర పది క్లిక్కులకు సుమారు అంగుళం. లెక్కవేసి ఇరవై పైకి, పదిహేను కుడికి తిప్పాను. గుంపు మధ్యకి వచ్చింది. ఎంతో సంతోషపడ్డాను. అప్పుడు అన్న వచ్చి, ఇసుక సంచి మీద చేతులు ఆనించి అదే పిస్తోలుతో అయిదు కాల్చాడు. అతని గుంపు పైకీ కుడికీ, నేను తిప్పినంత మేరకు, తప్పి పడింది.

"తమ్ముడూ, సైట్ బాగానే ఉంది. నీ వేలి తప్పుకి నువ్వు సైట్‌ని తిప్పావు" అన్నాడు.

అర్థం కావడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. నన్ను అటు తిరగమని చెప్పి నా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య డమ్మీలు కలిపి పెట్టాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలలేదు, క్లిక్‌మని మాత్రం చప్పుడయింది. ఆ క్షణంలో ఎర్ర చుక్క టార్గెట్ మధ్య నుంచి ఎడమ కిందికి గుటుక్కున దిగి తిరిగి రావడం నా కళ్ళతో నేను చూశాను. పేలుడు వస్తుందని చేయి ముందే భయపడి పిస్తోలును కిందికి తోస్తోంది. ఇనుప సైట్లతో ఇన్నేళ్ళూ ఈ తప్పు చేస్తూనే ఉన్నాను, మసకలో కనపడలేదు. చుక్క దాన్ని దాచలేదు. రెడ్ డాట్ గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: కంటి భారాన్ని అది తీసేసుకుంటుంది, చేతి తప్పులను మాత్రం ఎప్పుడూ లేనంత స్పష్టంగా కళ్ళ ముందు పెడుతుంది.

గురి సరిచేసే స్క్రూలు మళ్ళీ మొదటి చోటికి తిప్పి, ఇరవై ఐదు గజాల దగ్గర సంచి మీద ఆనించి, నిదానంగా మూడేసి తూటాలు కాల్చుకుంటూ జీరో చేశాం. అక్కడ నాలుగు క్లిక్కులకు సుమారు అంగుళం, మొత్తం అయిదు క్లిక్కులు చాలాయి. చుక్క బ్యారెల్‌కు సుమారు అంగుళం పైన ఉంటుంది కనుక మూడు గజాల్లాంటి దగ్గర టార్గెట్‌కు తూటా చుక్క కంటే దాదాపు అంగుళం కింద తగులుతుంది. పోటీల్లో దగ్గరలో పెట్టిన చిన్న టార్గెట్‌కు ఈ సంగతి మరిస్తే పాయింట్లు పోతాయి. మరిచి పోగొట్టుకున్నాను కూడా.

అసలు కష్టం దీని తరవాత మొదలైంది. ఒర నుంచి పిస్తోలు తీసి వేగంగా ఎత్తితే అద్దంలో చుక్క ఉండేది కాదు. ఖాళీ అద్దం. చుక్క కోసం పిస్తోలును పైకీ కిందికీ, చేపను వెతికే కొంగలా ఊపుతూ ఉండేవాణ్ణి. ఇనుప సైట్లు కాస్త వంకరగా వచ్చినా ఎంత వంకరో అవే చూపిస్తాయి, సరిచేసుకోవచ్చు. చుక్క ఉంటే ఉంటుంది, లేకపోతే ఎటు పోయిందో కూడా చెప్పదు. నాకు తెలిసిన చాలామంది మొదటి నెలలోనే విసిగి సైట్ విప్పేసిన చోటు ఇదే, వారిని నేను తప్పుపట్టను.

దీనికి నేను చేసిన సాధన రేంజ్‌లో కాదు, ఇంట్లో. రాత్రి భోజనాలయ్యాక, తూటాలన్నీ వేరే గదిలో తాళం వేసి, చాంబర్ రెండుసార్లు తడిమి చూసుకుని, తూటా దాటలేని ఇటుక గోడవైపు తిరిగి పదిహేను నిమిషాల పాటు డ్రై ఫైర్, అంటే తూటా లేకుండా చేసే సాధన. గోడ మీద రూపాయి బిళ్ళంత కాగితం అతికించి, దాన్ని చూస్తూ కళ్ళు మూసుకుని, పిస్తోలు ఎత్తి, కళ్ళు తెరిచేవాణ్ణి. చుక్క ఎక్కడ తప్పిందో చూసి మణికట్టు సరిచేసుకునేవాణ్ణి. నా చేతిలో పిస్తోలు మూతి ఎప్పుడూ కొంచెం పైకే చూసేది, కాబట్టి చుక్క అద్దం పై అంచు దాటి పోయేది. పిస్తోలును కింది నుంచి చేప గాలంలా విసరకుండా, ముందు గుండె ఎత్తుకు తెచ్చి అక్కణ్ణించి నేరుగా ముందుకు తోస్తే, చేతులు పూర్తిగా చాచేలోపే చుక్క అద్దంలోకి వస్తుంది. రోజుకు యాభై సార్లు చొప్పున చేశాను. మూడో వారంలో ఒక రాత్రి కళ్ళు తెరిచేసరికి చుక్క కాగితం మీదే ఉంది, మళ్ళీ చేశాను, ఉంది. ఎనిమిదోసారీ ఉంది. అప్పటికి రాత్రి పదకొండయింది, మా ఆవిడ వచ్చి ఇంక పడుకోమన్నదాకా ఆపబుద్ధి కాలేదు.

చూపు మార్చుకోవడం ఇంకా ఆలస్యమైంది. హవల్దారు గారి పాఠం పాతికేళ్ళుగా నా ఒంట్లో ఉంది. పిస్తోలు ఎత్తగానే కన్ను దానంతట అది చేతి దగ్గరికి, అంటే అద్దం మీదికి, వచ్చేసేది. అలా చుక్కను పట్టుకుని చూస్తే టార్గెట్ మసకవుతుంది, చేయి సహజంగా వణికే ప్రతి వణుకూ భూకంపంలా కనిపిస్తుంది, ఆ వణుకు ఆగాక నొక్కుదామని కాచుకుని చివరికి గభాలున లాగేస్తాం. దీనికి అన్న చెప్పిన చిట్కా విచిత్రంగా ఉంది, కానీ పనిచేసింది. సైట్ ముందువైపు అద్దానికి నల్ల టేప్ అతికించమన్నాడు. ఇప్పుడు అద్దంలోంచి టార్గెట్ కనపడదు, చుక్క మాత్రమే కనిపిస్తుంది. రెండు కళ్ళూ తెరిచి టార్గెట్‌ను చూస్తే, ఒక కన్ను టార్గెట్‌ను, రెండో కన్ను చుక్కను చూస్తాయి, మెదడు రెండింటినీ ఒకటి చేస్తుంది. కన్ను చుక్క దగ్గరికి వచ్చిందా, ఆ కలయిక చెదిరి నల్లటి టేపే కనిపిస్తుంది. ఆ టేప్‌తో నాలుగు వారాలు సాధన చేశాను, రేంజ్‌లో ఏడు గజాల దగ్గర అసలు తూటాలతోనూ కాల్చాను. టేప్ తీసేసిన రోజు టార్గెట్ మీద పాత రంధ్రాల అంచులు నల్లగా, విడివిడిగా కనిపించాయి, వాటి మీద చుక్క దానంతట అది వచ్చి వాలింది.

చుక్క ఎగిరే తీరు కూడా చదవడం నేర్చుకున్నాను. తూటా పేలినప్పుడు చుక్క పైకి లేచి తిరిగి వస్తుంది. నా చుక్క మొదట్లో పక్కకి వాలుగా లేచి, వంకర దారిలో తిరిగొచ్చేది. ఎడమచేతి పట్టు వదులుగా ఉందని దాని అర్థం. ఎడమ అరచేతిని ఫ్రేమ్‌కు గట్టిగా ఆనించి పట్టాక అది నిటారుగా లేచి అదే గీతలో దిగసాగింది.

బ్యాటరీ ఆరిపోతే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. నేను ఎత్తైన ఇనుప సైట్లు బిగించుకున్నాను, అవి అద్దం కింది భాగంలోంచి కనిపిస్తాయి. అవి లేకపోయినా అయిదారు గజాల దూరంలో టార్గెట్‌ను అద్దం చట్రం మధ్యలో పెట్టుకుని కాల్చినా సరిపోతుంది. నెలకోసారి చుక్క ఆర్పేసి అదీ సాధన చేస్తాను.

బిగించిన మొదటి పోటీలో నేను ఇనుప సైట్లతో సాధించే స్థానం కంటే కిందికి పడిపోయాను. రెండో పోటీ కూడా అంతే. నాలుగో నెలలో పాత స్థాయికి వచ్చాను, ఆరో నెలలో ఇరవై ఐదు గజాల దగ్గర ఉన్న టార్గెట్లను, ఒకప్పుడు సమయం మిగిలితే కాల్చుదామని చివరికి వదిలేసేవాణ్ణి, వరసలో వచ్చినప్పుడే కాల్చడం మొదలుపెట్టాను.

సీఆర్1632 బ్యాటరీ ఇంకా పనిచేస్తున్నా ఏటా సంక్రాంతికి మార్చేస్తాను, పండగ అయితే తేదీ మరిచిపోనని. ఈ సంవత్సరం మార్చాక రేంజ్‌కి వెళ్ళి సంచి మీద ఆనించి ఇరవై ఐదు గజాల దగ్గర అయిదు తూటాలు కాల్చాను. గుంపు నా అరచేతి కింద మూసుకుపోయింది, మధ్యకి ఒక క్లిక్కంత ఎడమకు ఉంది. పిస్తోలు ఖాళీ చేసి స్క్రూ తలలు చూశాను. తెల్ల గీతలు గీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే తిన్నగా ఉన్నాయి, కాబట్టి సైట్‌ను ముట్టుకోకుండా ఇసుక సంచి పక్కన పెట్టి, లేచి నిలబడి, ఇంకో అయిదు కాల్చాను.